ఎస్తేరు సిస్టర్ మూడు వాక్యాలు

మొన్న మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభై నిమిషాలకు, డ్యూటీకి వెళ్ళే ముందు, యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను. పెట్టెలో నీళ్ళు అయిపోయాయి. చేత్తో నాలుగు చుక్కలు చిలకరించి పెట్టె ఆనించగానే తడి నూలుబట్ట వేడెక్కిన వాసన ముఖానికి కొట్టింది. నేనున్నది అడిలైడ్‌లో, ఎన్నో ఏళ్ళుగా ఉంటున్న ఇంట్లో. కానీ ఆ వాసన సౌదీ అరేబియాలో, హుఫూఫ్‌లోని నర్సుల హాస్టల్ కింది అంతస్తులో ఉన్న ఇస్త్రీ గదిది. ఎస్తేరు సిస్టర్ చనిపోయి అప్పటికి పంతొమ్మిది రోజులు. ఆమె తమ్ముడి కూతురు ఫోన్ చేసి చెప్పిన రోజు నాకు ఏడుపు రాలేదు. మంగళవారం పెట్టె ఆపేసి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. డ్యూటీకి పది నిమిషాలు ఆలస్యమైంది.

ఆమెను చూడనివాళ్ళకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. చూడగానే గుర్తుండిపోయే మనిషి కాదు. పొట్టిగా ఉండేది. మోకాళ్ళ నొప్పుల వల్ల మెట్లు దిగేటప్పుడు పక్కకు తిరిగి, ఒక్కో మెట్టూ ఆగి దిగేది. సొంత ఊరు నరసాపురం దగ్గర పల్లె. అక్కడి మిషన్ ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో చదివింది. రెండువేల నాలుగులో నేను హుఫూఫ్ ఆసుపత్రిలో చేరేనాటికి ఆమె అక్కడికి వచ్చి పదిహేడేళ్ళయింది. మా సర్జికల్ వార్డులో చార్జ్ నర్సు, అంటే షిఫ్టులో మిగతా నర్సుల పనికి బాధ్యత ఆమెది. ఒకప్పుడు ఆస్ట్రేలియా వెళ్ళాలని తనూ ప్రయత్నించింది. ఇంగ్లిషు పరీక్ష పాసయింది. కానీ ఆమె చదివిన స్కూలు అప్పటికే మూతబడింది. ఏ వార్డులో ఎన్ని గంటలు శిక్షణ పొందిందో చూపించే రికార్డులు ఎవరి దగ్గరా దొరకలేదు. రెండు సెలవులు ఆ కాగితాల కోసమే ఊళ్ళు తిరిగి, మూడో సెలవుకు ఆ ప్రయత్నం మానేసింది. ఆ తిరుగుడులో ఆ దారిలోని ప్రతి మెలికా ఆమెకు తెలిసిపోయింది. తెలిసినది మాకు చెప్పడం మొదలుపెట్టింది.

అప్పట్లో మా హాస్టల్లో తెలుగు నర్సులు ఇరవై మందికి పైగా ఉండేవాళ్ళం. ఎక్కువమంది కోస్తా జిల్లాల క్రైస్తవ కుటుంబాలవాళ్ళే. చాలామందికి సౌదీ మధ్యలో ఆగే స్టేషన్. మన దేశంలో డిగ్రీ చదివిన నర్సు ఆస్ట్రేలియాలో పనిచేయాలంటే ముందు మూడు నెలలు అక్కడి ఆసుపత్రిలో ఒకరి పర్యవేక్షణలో పనిచేసి, పనికి సిద్ధంగా ఉన్నానని చూపించాలి. దాన్ని బ్రిడ్జింగ్ కోర్సు అనేవాళ్ళు. అందులో సీటు రావాలంటే ఇంగ్లిషు పరీక్ష మార్కులు కావాలి, ఇప్పుడు పనిచేస్తున్న ఆసుపత్రి నుంచి మంచి నర్సు అని చెప్పే లెటరు కావాలి, ఆ తర్వాత ఫోన్లో ఇంటర్వ్యూ. ఆ ఇంటర్వ్యూకు తయారు చేస్తామని దమ్మాంలో ఒక ఏజెన్సీ గురువారాలు క్లాసులు పెట్టేది. ఫోన్ ఇంటర్వ్యూకే అయినా, చిరునవ్వు ఎలా నవ్వాలి, కరచాలనం ఎంత గట్టిగా చేయాలి, ఏ ప్రశ్నకు ఏ జవాబు చెప్పాలి, అన్నీ అచ్చువేసి ఇచ్చేవాళ్ళు. 'పనిలో మీరు చేసిన తప్పు ఒకటి చెప్పండి' అనే ప్రశ్నకు ఆ కాగితంలో ఉన్న జవాబు, 'పనిలో పడితే నేను భోజనం కూడా మరిచిపోతాను.'

ఎస్తేరు సిస్టర్ క్లాసు శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి, ఇస్త్రీ గదిలో. హాస్టల్లో పొడుగు బల్ల ఉన్న గది అదొక్కటే. వారానికి సరిపడా యూనిఫాంలు ఇస్త్రీ చేసుకుని, బల్ల ఖాళీ చేసి, దాని చుట్టూ కూర్చునేవాళ్ళం. నేను వెళ్ళిన మొదటి శుక్రవారం నా రూమ్మేట్ విమలను ఆమె ఇంటర్వ్యూ చేసింది. విమలది కడప వైపు. ఐసీయూలో పనిచేసేది. తప్పు గురించిన ప్రశ్న రాగానే నిటారుగా కూర్చుని ఏజెన్సీ కాగితం అప్పజెప్పింది.

ఎస్తేరు సిస్టర్ ఆమెను కాసేపు చూసింది. "భోజనం మర్చిపోతావా? నిన్న మెస్సులో రెండోసారి బిర్యానీ పెట్టించుకున్నది ఎవరమ్మా, మీ చెల్లెలా?"

అందరూ నవ్వారు. విమల కూడా నవ్వింది. "ఏం సిస్టర్, అట్లంటే ఎట్ల? నిజం చెప్తే సీటిస్తారా వాళ్ళు?"

"ఇస్తారో ఇవ్వరో నాకు తెలీదు. నేను వెళ్ళలేదు కదా. కానీ తప్పు చేసినప్పుడు నోరు విప్పే మనిషి కావాలి వాళ్ళకి. అందుకే అడుగుతారు. మనం ఇక్కడ నేర్చుకుందేమో నోరు మూసుకోవడం."

అది నిజమే. మా ఆసుపత్రిలో తప్పు జరిగితే ఒక ఫారం నింపాలి. ఫారం నింపినవాళ్ళకు వార్నింగ్ వచ్చేది. రెండు వార్నింగులైతే కాంట్రాక్టు పొడిగించరని, ఫైనల్ ఎగ్జిట్ కొట్టి పంపేస్తారని చెప్పుకునేవాళ్ళం. అందుకని ఎవరూ ఫారం నింపేవాళ్ళు కాదు. ఎస్తేరు సిస్టర్ తన క్లాసుకు ఒక పద్ధతి పెట్టింది. ప్రతి శుక్రవారం ప్రతి ఒక్కరూ ఆ వారం చేసిన ఒక తప్పు చెప్పాలి, మూడే వాక్యాల్లో. నేను ఏం చేశాను. దానివల్ల పేషెంటుకు ఏమైంది. ఎవరికి, ఎప్పుడు చెప్పాను. 'ఎందుకంటే' అనే మాట వాడకూడదు. వింటున్నవాళ్ళు అయ్యో అనకూడదు, ఫరవాలేదు అనకూడదు. మొదట తనే చెప్పేది. ఒక శుక్రవారం, "డ్రెస్సింగ్ మారుస్తూ ఒకతనికి తెర వెయ్యడం మర్చిపోయాను. పక్క మంచం వాళ్ళ ముందు ఆయన సిగ్గుపడ్డాడు. వెంటనే ఆయనకే చెప్పాను, సారీ అన్నాను," అంది. అంత చిన్న తప్పును అంత శ్రద్ధగా చెప్పడం నేనంతకు ముందు వినలేదు.

ఆమె మా పనిలో ముఖ్యంగా ఒక అలవాటు మీద పట్టుబట్టింది. ఉష్ణోగ్రతకూ రక్తపోటుకూ యంత్రాలున్నాయి. ఊపిరిని మాత్రం గడియారం చూస్తూ ఒక నిమిషం పాటు లెక్కపెట్టాలి. ఎనిమిది మంది పేషెంట్లుంటే ఎనిమిది నిమిషాలు. అంత సేపు నిలబడేవాళ్ళు తక్కువ. ఆరోగ్యంగా ఉన్న మనిషి నిమిషానికి పదహారు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీస్తాడు కాబట్టి అందరికీ ఇరవై అని రాసేసేవాళ్ళం. మన దగ్గర చదివేటప్పుడే అబ్బే అలవాటు అది. మా సీనియర్లు అలాగే రాశారు, మేమూ అలాగే రాశాం. నేను చేరిన కొత్తలో ఒక సాయంత్రం ఆమె వార్డులోని చార్టులన్నీ బల్ల మీద పరిచి నన్ను పిలిచింది.

"కరుణా, మన వార్డులో ఎంతమంది?"

"ఇరవై నలుగురు సిస్టర్."

"ఇరవై నలుగురూ ఒకే లెక్కన ఊపిరి తీస్తన్నారు చూడు. వీళ్ళతో చర్చిలో కోయిర్ పెట్టుకోవచ్చు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నన్ను మొదటి మంచం దగ్గరకు తీసుకెళ్ళి, పేషెంటు మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టు నిలబడి ఛాతీని ఎలా గమనించాలో చూపించింది. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి మారుతుందట. "అన్నిటికన్నా ముందు మారేది ఇదే. బీపీ పడిపోయేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం," అంది. ఆ తర్వాత కొన్ని నెలలు నేను నిజంగానే లెక్కపెట్టాను. తర్వాత మెల్లగా, పని ఒత్తిడి ఎక్కువగా ఉన్న రోజుల్లో, మళ్ళీ ఇరవై రాయడం మొదలుపెట్టాను.

రెండువేల ఆరు వేసవిలో నాకు ఇంగ్లిషు పరీక్షలో కావలసిన మార్కులు వచ్చాయి. సెప్టెంబరు బ్యాచిలో సీటుకు అన్నీ సిద్ధం, ఆసుపత్రి లెటరు తప్ప. ఒక బుధవారం ఉదయం ఆఫీసు నుంచి కబురొచ్చింది. లెటరు సంతకమైంది, ఇకామా, అంటే అక్కడి నివాస అనుమతి కార్డు, తెచ్చి రెండున్నరలోపు తీసుకెళ్ళమన్నారు. దాటితే, గురు శుక్రవారాలు అక్కడ సెలవు కాబట్టి, మళ్ళీ శనివారమే. రెండింటికి నేను పేషెంట్లను చూడాలి. ఆరోజు నా ఎనిమిది మందిలో ఉమ్ సాలెహ్ అనే పెద్దావిడ ఒకరు. ఖర్జూర తోటలో జారిపడి తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ జరిగి నాలుగు రోజులైంది. నన్ను చూడగానే ఏదో ఒకటి అనేది. ఇంత బక్కగా ఉన్నావు, మీ ఇంట్లో తిండి పెట్టలేదా అని అరబీలో ఎగతాళి చేసేది. ఆరోజు ఏమీ అనలేదు. అనలేదని నేను గమనించాను. గమనించి కూడా, యంత్రాలు చూపిన అంకెలు రాసి, ఊపిరి దగ్గర ఇరవై అని రాసి, ఆఫీసుకు పరుగెత్తాను. పొద్దున పదింటికి రాసిన ఇరవై కూడా లెక్కపెట్టి రాసినది కాదు.

లెటరు తీసుకుని మూడింటికి వార్డుకు వచ్చాను. షిఫ్టు మారే సమయం. ఆ వారం మధ్యాహ్నం షిఫ్టు ఎస్తేరు సిస్టర్‌ది. మంచం మంచం దగ్గరా ఆగి నేను అప్పగిస్తుంటే ఆమె వింటోంది. ఉమ్ సాలెహ్ దగ్గరకు రాగానే నా మాట సగంలో ఉండగానే చెయ్యి ఎత్తింది. గడియారం చూస్తూ ఆ పెద్దావిడ మణికట్టు పట్టుకుంది. పూర్తిగా ఒక నిమిషం. మేమంతా నిలబడ్డాం.

"ముప్పై నాలుగు," అంది. చార్టు చూసింది. "రెండింటికి ఇరవై అనుంది. లెక్కపెట్టావా?"

"పెట్టాను సిస్టర్."

ఆమె నా ముఖం చూడలేదు. డాక్టరును పిలవడానికి అప్పటికే ఫోన్ అందుకుంది. అరగంటలో ఉమ్ సాలెహ్‌ను ఐసీయూకు తీసుకెళ్ళారు. ఆమె మంచం దగ్గర కూతురు నల్లటి అబాయా అంచుతో కళ్ళు తుడుచుకుంటూ, ఏమైంది, పొద్దున బాగానే ఉంది కదా అని నన్ను అడిగింది. ఏమీ తెలియదన్నాను.

మర్నాడు విమల చెప్పగా తెలిసింది. గంటలో ఇరవై నుంచి ముప్పై నాలుగుకు పెరిగిందంటే ఉన్నట్టుండి జరిగిందని డాక్టర్లు అనుకున్నారు. ఆపరేషన్ తర్వాత ఉన్నట్టుండి ఆయాసం వస్తే ఊపిరితిత్తుల్లోకి రక్తపు గడ్డ వెళ్ళిందేమోనని మొదట అనుమానిస్తారు. ఎక్స్‌రేలో స్పష్టంగా తేలలేదు. రక్తం పలచబడే మందు మొదలుపెట్టారు. ఎస్తేరు సిస్టర్ తన రిపోర్టులో, రెండు గంటలకు నర్సు నిమిషం పాటు లెక్కపెట్టి ఇరవై అని నమోదు చేసింది అని రాసి సంతకం పెట్టింది. అది విన్నాక గురువారం రోజంతా మంచం మీద పడుకునే ఉన్నాను. లెటరు నా పెట్టెలో, బట్టల అడుగున ఉంది. శనివారం ఏజెన్సీవాళ్ళు కొరియరులో పంపుతారు. ఎవరికీ ఏమీ తెలియదు. చార్టులో ఇరవై ఉంది, రిపోర్టులో ఇరవై ఉంది, వాటి కింద ఆమె సంతకం ఉంది.

శుక్రవారం పదకొండు మందిమి. ఎస్తేరు సిస్టర్ తన మూడు వాక్యాలు చెప్పింది, ఏమిటో నాకు వినపడలేదు. తర్వాత విమల వంతు. ఆమె తన తప్పు చెప్పేసి, ఆగలేక మిగతాది కూడా చెప్పింది. "మీ వార్డు ముసలామె లేదూ, రాత్రి నుంచి కుట్ల కాడ రక్తం కారతాండాది. గుడ్డ మార్చిన కొద్దీ తడుస్తాండాది. ఆ మందు ఆపల్లా వద్దా అని డాక్టర్లు కొట్లాడుకుంటాండారు."

"మూడు వాక్యాలే విమలా," అంది ఎస్తేరు సిస్టర్. నా వైపు తిరిగింది. "చెప్పమ్మా."

ఒక చిన్న తప్పు సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఒక ఇంజెక్షను పది నిమిషాలు ఆలస్యమైందని. అది నోట్లోంచి రాలేదు. "బుధవారం పదింటికి, రెండింటికి ఉమ్ సాలెహ్ ఊపిరి లెక్కపెట్టకుండా ఇరవై రాశాను. ఆమెకు గడ్డ కట్టిందనుకుని మందిస్తున్నారు, రక్తం పోతోంది. ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకు చెబుతున్నాను."

ఎవరూ అయ్యో అనలేదు. క్లాసు పద్ధతి అది. ఎస్తేరు సిస్టర్ రెండు చేతులూ బల్ల మీద ఆనించి, బరువుగా లేచింది.

"యూనిఫాం వేసుకో," అంది.

ఆసుపత్రి హాస్టల్‌కు ఎదురుగానే. ఎండలో ఆ రోడ్డు దాటడానికి మామూలుగా నాలుగు నిమిషాలు. ఆమె మోకాళ్ళతో ఎనిమిది నిమిషాలు పట్టింది. సగం దారిలో నేను, "సిస్టర్, నా లెటరు..." అన్నాను. "తెలుసు," అంది.

ఐసీయూలో సూడాన్ డాక్టరు డ్యూటీలో ఉన్నాడు. ఆమె నా వెనుక నిలబడి నన్ను ముందుకు తోసినట్టుగా భుజం మీద చెయ్యి పెట్టింది. నేను ఇంగ్లిషులో చెప్పాను. ఆయన కోప్పడలేదు. నిజంగా చివరిసారి లెక్కపెట్టింది ఎప్పుడని అడిగాడు. రాత్రి షిఫ్టు నర్సు ఆరింటికి లెక్కపెట్టి ఉంటుంది, ఆమె లెక్కపెడుతుందని నాకు తెలుసు అన్నాను. "అంటే పొద్దున నుంచే మెల్లగా మొదలై ఉండవచ్చు," అని ఆయన తనలో తను అనుకున్నట్టుగా అన్నాడు. న్యుమోనియా కావచ్చని మళ్ళీ పరీక్షలు రాశాడు, మందులు మార్చాడు. నా మాట ఒక్కటే ఆమెను బతికించిందని నేను చెప్పను. రక్తం పోతున్నందువల్ల ఎలాగూ ఆ మందు ఆపేవాళ్ళేమో. కానీ రెండు రోజులు ఆయన తప్పుడు అంకె చూస్తూ ఆలోచించాడు. ఆ అంకె నాది.

అప్పుడు ఎస్తేరు సిస్టర్ ముందుకు వచ్చింది. "నేనూ ఒకటి చెప్పాలి డాక్టర్. ఆమె లెక్కపెట్టిందని రిపోర్టులో రాశాను, నేను చూడలేదు. అది చదివి మీరు నమ్మారు. ఇప్పుడు మీకు చెబుతున్నాను, రేపు ముదీరాకు రాసిస్తాను." తిరిగి వస్తూ రోడ్డు మీద ఆగి, ఊపిరి తీసుకుంటూ నాతో తెలుగులో అంది. "నువ్వు లెక్కపెట్టలేదని నాకు ఆరోజే అనుమానం వచ్చింది. నా క్లాసు పిల్ల కదా, లెక్కపెట్టే ఉంటుందని రాశాను. అట్టా అవ్వాలని రాశాను."

ముదీరా అంటే నర్సింగ్ విభాగానికి పెద్ద. జోర్డాన్ నుంచి వచ్చినావిడ, చెడ్డ మనిషి కాదు. శనివారం మా ఇద్దరినీ కూర్చోబెట్టి టీ ఇప్పించింది. పేషెంటు కోలుకుంటోంది కదా, ఊపిరి సుమారుగా లెక్కపెట్టామని రాయండి, ఇక్కడితో వదిలేస్తాను అంది. నా గుండె తేలికపడింది. ఎస్తేరు సిస్టర్ వైపు చూశాను. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"సుమారుగా కాదు మేడం. లెక్కపెట్టలేదు."

ముదీరా నా లెటరు వెనక్కి ఇవ్వమంది. ఆరు నెలలు ఏ ఫిర్యాదూ లేకుండా పనిచేస్తే కొత్తది ఇస్తానంది. ఒక వార్నింగు ఇచ్చింది. సెప్టెంబరు సీటు పోయింది. తర్వాతి బ్యాచికి మళ్ళీ మొదటి నుంచి దరఖాస్తు చేసుకోవాలి. ఎస్తేరు సిస్టర్‌ను చార్జ్ నర్సు పని నుంచి తీసేసి ఔట్ పేషెంటులో కట్లు కట్టే గదికి పంపారు. ఇన్నాళ్ళూ ఆమె కింద పనిచేసినవాళ్ళు ఇప్పుడు ఆమెకు పని చెప్పారు.

ఇక్కడ నా గురించి ఒక మాట రాయాలి. ఆ రోజుల్లో నేను ఆమెను ద్వేషించాను. ముదీరా తలుపు తెరిచి పెట్టింది, ఈమె మూసేసింది అనుకున్నాను. తను వెళ్ళలేకపోయింది కాబట్టి ఎవరినీ వెళ్ళనివ్వదని కూడా అనుకున్నాను. విమలతో అన్నాను కూడా. విమల మామూలుగా దేనికైనా నవ్వే మనిషి. అప్పుడు నవ్వలేదు. "నోరు కడుక్కో పో," అంది. మూడు శుక్రవారాలు నేను కిందికి దిగలేదు. మిగతావాళ్ళు కూడా చాలామంది మానేశారు. నిజం చెబితే ఏమవుతుందో వాళ్ళు కళ్ళారా చూశారు. "నలుగురమే ఉండాం," అని విమల ప్రతివారం వచ్చి చెప్పేది. "ఆమె మాత్రం తొమ్మిదింటికే వచ్చి కూచుంటాండాది. ముందు తన తప్పు చెప్తాండాది. నువ్వు రావా?"

ఉమ్ సాలెహ్ పదకొండు రోజులు ఐసీయూలో ఉండి వార్డుకు తిరిగి వచ్చింది. బాగా చిక్కిపోయింది. రెండో రోజు నేను ఆమె మంచం దగ్గరకు వెళ్ళాను. మణికట్టు పట్టుకుని లెక్కపెడుతున్నాను. ఆమె రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు, తిండి తింటున్నావా అని అడిగింది. నిన్ను దేవుడు కాపాడాలి, నీ తల్లిని కాపాడాలి అని దువా చేసింది. నేను అంకె మరిచిపోయాను. మొదటి నుంచి మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై రెండు. వార్డులో పేషెంట్లకు ఇలాంటివి చెప్పకూడదని నియమం ఉంది. ఆ నియమం చాటున దాక్కుని ఆమెకు నేనేమీ చెప్పలేదు. మరో రెండు వారాలకు ఆమె కూతురు తోడుగా ఇంటికి వెళ్ళిపోయింది. ఆ శుక్రవారం నేను ఇస్త్రీ గదికి వెళ్ళాను. ఎస్తేరు సిస్టర్ కుర్చీ చూపించి, "కూర్చో, విమల వంతు నడుస్తోంది," అంది. అంతే.

మరుసటి ఏడాది నాకు ఫోన్ ఇంటర్వ్యూ జరిగింది. అటు వైపు ఇద్దరు ఆడవాళ్ళు. పనిలో చేసిన తప్పు ఒకటి చెప్పమన్నారు. మూడు వాక్యాల్లో చెప్పాను. ఒకామె, తర్వాత మీరు ఏం మార్చుకున్నారు అని అడిగింది. అందరి ఊపిరీ ఒక నిమిషం లెక్కపెడుతున్నాను అన్నాను. సీటు వచ్చింది. దానివల్లే వచ్చిందో, వేరే కారణమో నాకు తెలియదు. వెళ్ళేరోజు ఎస్తేరు సిస్టర్ కట్ల గదిలో పనిలో ఉంది. ఒకతని కాలికి కట్టు కడుతూ తలెత్తి, "అక్కడ డాక్టర్లని కూడా పేరు పెట్టి పిలవాలంట. నోరు అలవాటు చేసుకో," అంది. మళ్ళీ తల దించుకుంది.

ఆమె రెండువేల తొమ్మిదిలో కాంట్రాక్టు ముగించుకుని నరసాపురం వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం నాకు ఫోన్ చేసేది. క్షేమ సమాచారాలు ఒకటి రెండు మాటల్లో అయిపోయేవి. తర్వాత, "చెప్పమ్మా," అనేది. నేను ఆ వారం చేసిన తప్పు చెప్పేదాన్ని. ఆమె తనది చెప్పేది. ఉద్యోగం లేని మనిషికి చెప్పుకోవడానికి ఏం తప్పులుంటాయని మొదట్లో అనుకున్నాను. ఉండేవి. పక్కింటామె మాట సగంలో తుంచేసింది. మందు వేసుకోలేదు, వేసుకున్నానని మరదలితో చెప్పింది. ఇక్కడ అడిలైడ్‌లో, మా ఆసుపత్రికి కొత్తగా వచ్చే నర్సులకు నేను ఇప్పుడు నేర్పుతున్నాను. భారతదేశం నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి, నైజీరియా నుంచి వస్తారు. మొదటి రోజు వాళ్ళ చార్టులు తెరిస్తే అందరి ఊపిరీ ఒకటే అంకె. నేను వాళ్ళను మంచం దగ్గరకు తీసుకెళ్ళి గడియారం చూపిస్తాను. కోపం రాదు.

చివరిసారి ఆమె ఫోన్ చేసినప్పుడు గొంతు సన్నగా ఉంది. ఆయాసపడుతోంది. అలవాటు కొద్దీ నేను లెక్కపెట్టబోయాను, ఫోన్లో కుదరలేదు. నా వంతు అయ్యాక తను చెప్పింది. "ఉమ్ సాలెహ్‌కి మనం చెప్పలేదు. ఆమె మనకి దువా చేసి ఇంటికెళ్ళిపోయింది. ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు నీకు చెప్తన్నాను."

ఫరవాలేదు అనాలనిపించింది. ఆ మాట అనకూడదు. అనలేదు. ఆమె ఊపిరి కొంచెంసేపు వినిపించింది, తర్వాత ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత నాలుగు శుక్రవారాలు గడిచాయి. ఇప్పుడు శుక్రవారం నాకు ఎవరూ ఫోన్ చేయడం లేదు. ఆ వారం చేసిన తప్పు నేను ఎవరికీ చెప్పడం లేదు.